లివిటిపుట్టు: ఉత్తరము వినని తీర్పు

ఎలమంచిలి ప్రాంతపు పొలములను తడిపే శారదానది తూర్పు కనుమలలోని అనంతగిరి కొండలలో పుట్టుచున్నది. ఆ కొండలకు ఆవల అరకు లోయ, ఆ లోయకు చేరువలో డుంబ్రిగుడ మండలము ఉన్నవి. మైదానములో నివసించు ఆస్తికులలో అధికులకు ఆ ప్రాంతము బొర్రా గుహలలోని శివలింగ దర్శనమునకో, శీతకాల విహారమునకో మాత్రమే పరిచితము. తమ నేలకు నీరు పంపుచున్న కొండల మీద ఏమి జరుగుచున్నదో తెలిసికొనవలెనన్న కుతూహలము మైదానమునకు ఎన్నడును అంతగా లేదు.

2018 సెప్టెంబరు 23 ఆదివారము. ఆనాడు భాద్రపద శుక్ల చతుర్దశి, అనంత పద్మనాభ వ్రతదినము. క్రింద పట్టణములలో గృహస్థులు పదునాలుగు ముడుల తోరములు కట్టుకొనుచుండగా, వీధులలో వినాయక నిమజ్జనములకు సన్నాహములు జరుగుచుండగా, పైన కొండలలో అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావు, ఆ స్థానపు మాజీ శాసనసభ్యుడు సివేరి సోమ గ్రామదర్శిని అను ప్రభుత్వ కార్యక్రమమునకై బయలుదేరి వెళ్లుచున్నారు. డుంబ్రిగుడ మండలములోని లివిటిపుట్టు గ్రామము వద్ద మధ్యాహ్న సమయములో సాయుధులైన మావోయిస్టులు పెద్ద సంఖ్యలో వచ్చి వారి వాహనములను ఆపివేశారు. ఆ దళములో స్త్రీలు అధికముగా ఉన్నారని చూచినవారు చెప్పారు. అంగరక్షకుల ఆయుధములను లాగుకొని వారిని ప్రాణములతో విడిచిపెట్టారు. నాయకులిద్దరిని మాత్రము నడిపించుకొని పోయి, కొంతసేపు ప్రశ్నించి, కాల్చి చంపారు.

ఈ ఇద్దరి విషయములో ఒక విచిత్రమున్నది. 2014 శాసనసభ ఎన్నికలలో వీరు పరస్పర ప్రత్యర్థులు. వైఎస్సార్ కాంగ్రెస్ పక్షాన కిడారి, తెలుగుదేశము పక్షాన సోమ పోటీ చేయగా కిడారి గెలిచారు. 2016లో కిడారి తెలుగుదేశములో చేరుటతో ప్రత్యర్థులు సహచరులైనారు. ఒకే బాటలో పోయి ఒకే స్థలములో ఒరిగిపోయారు. అరకు షెడ్యూల్డు తెగలకు కేటాయింపబడిన నియోజకవర్గము గనుక ఇద్దరును గిరిజనులే. గిరిజనుల పక్షమున ఆయుధము పట్టితిమని చెప్పుకొను దళము గిరిజనులు వోట్లు వేసి ఎన్నుకొన్న ఇద్దరు గిరిజనులను చంపినది. ఈ ఘటనను గూర్చి ఆలోచించువారు ముందుగా దాటవలసిన గడప ఇదియే.

చంపుటకు ముందు ప్రశ్నించుట అను అంశమును తేలికగా తీసికొనరాదు. పొంచియుండి, ముఖము చూపకుండ కాల్చి పారిపోవు హంతకుని పద్ధతి వేరు. ఇక్కడ చంపినవారు తమను హంతకులుగా భావించుకొనలేదు, న్యాయమూర్తులుగా భావించుకొన్నారు. బాక్సైట్ తవ్వకములకు సహకరించుచున్నాడనియు, హుకుంపేట మండలములోని గూడ వద్ద ఉన్న క్వారీ విషయములో స్థానికుల అభ్యంతరములను పెడచెవిన పెట్టినాడనియు కిడారిపై వారి ఆరోపణలు. ప్రజాకోర్టు అను పేర ఇట్టి విచారణలు ఆ అడవులలో చిరకాలముగా జరుగుచున్నవి. కాబట్టి దీనిని కేవలము నేరముగా లెక్కించి తోసివేయుట కంటె, వారు దేనిని న్యాయమని అన్నారో దానినే న్యాయశాస్త్రపు గీటురాయి మీద రుద్ది చూచుట ఉచితము.

వ్యవహారమునకు, అనగా న్యాయవిచారణకు, నాలుగు పాదములని యాజ్ఞవల్క్య స్మృతి చెప్పినది. మొదటిది భాష, వాది తన అభియోగమును నివేదించుట. రెండవది ఉత్తరము, ప్రతివాది ఇచ్చు సమాధానము. మూడవది క్రియ, సాక్షులు లేఖ్యములు మున్నగు ప్రమాణములను చూపుట. నాలుగవది సాధ్యసిద్ధి, నిర్ణయము. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినను అది కుంటిదగును. వీనిలో స్మృతికారులకు ఉత్తరముపై గల శ్రద్ధ గమనింపదగినది. ప్రతివాది చెప్పినదానిని వాది సన్నిధిలోనే వ్రాయవలెనని నియమము. ఆ ఉత్తరము నాలుగు విధములు: ఒప్పుకొనుట సంప్రతిపత్తి, కాదనుట మిథ్య, ఒప్పుకొని కారణము చెప్పుట ప్రత్యవస్కందనము, ఈ విషయము పూర్వమే తీర్పు పొందినదనుట ప్రాఙ్న్యాయము. చేసినది నిజమే, కాని దానికి ఈ కారణమున్నది అని చెప్పుకొనుటకు గూడ శాస్త్రము ఒక పేరు పెట్టి చోటు కల్పించినది. తుపాకుల నడుమ నిలబెట్టబడిన మనుష్యుడు ఈ నాలుగు మార్గములలో దేనిని అవలంబించగలడు?

సభ్యుల లక్షణము మరింత కఠినము. వినికిడి, అధ్యయనము గలవారై, సత్యవాదులై, శత్రువునందును మిత్రునియందును సమబుద్ధి గలవారై యుండవలెను. రాజు గూడ క్రోధలోభములను విడిచి వారితో కూడి విచారింపవలెను. అంతటితో శాస్త్రము ఆగలేదు. రాగముచేత గాని లోభముచేత గాని భయముచేత గాని స్మృతికి విరుద్ధముగా తీర్పు చెప్పిన సభ్యులకు, ఆ వివాదములో ఓడినవానికి పడు దండనకు రెట్టింపు దండనను విధించినది. తీర్పు చెప్పువాడు తప్పు చేసిన యెడల వానిని దండించువాడు మరియొకడు ఉండవలెనని దీని భావము. లివిటిపుట్టులో అభియోగము మోపినవారు, ప్రమాణము పరీక్షించినవారు, తీర్పు చెప్పినవారు, దండము అమలు చేసినవారు ఒక్కరే. వారి మీద మరి సభ లేదు. దండములు గూడ క్రమముగా నాలుగు: వాగ్దండము, ధిగ్దండము, ధనదండము, వధదండము. హెచ్చరికలు ముందుగానే పంపితిమని దళములు చెప్పుకొన్నవి. అనగా వాగ్దండము తరువాత మధ్యనున్న మెట్లను దాటి కడపటి మెట్టు మీదికే ఒక్క అడుగు వేసినారు.

ఇక్కడ వారి పక్షమును పూర్వపక్షముగా నిలిపి బలముగా చెప్పవలసియున్నది. దుర్బలమైన పూర్వపక్షమును ఖండించుట పాండిత్యము కాదు. ధర్మశాస్త్రమే ఆతతాయి అను ఒక వర్గమును చెప్పినది కదా! ఇంటికి నిప్పు పెట్టువాడు, విషము పెట్టువాడు, శస్త్రము చేతబట్టి పైబడువాడు, ధనాపహారి, క్షేత్రాపహారి, దారాపహారి, ఈ ఆరుగురు ఆతతాయులు. వీరిని విచారింపకయే చంపవచ్చునని స్మృతులలో మాట యున్నది. క్షేత్రాపహారి అనగా భూమిని హరించువాడు. గిరిజనుని భూమి హరింపబడినదా అని అడిగిన యెడల, చరిత్రను చదివినవాడెవ్వడును లేదనజాలడు.

1882 మద్రాసు అటవీ చట్టము పోడు వ్యవసాయమును నేరముగా మార్చినది. స్వాతంత్ర్యానంతరము 1959లో గిరిజన భూముల బదలాయింపుపై నిబంధన వచ్చినది. 1970లో దానిని సవరించి, షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనేతరులకు భూబదలాయింపు చెల్లదని శాసించారు. ఒకటి ఆఫ్ డెబ్బది అని జనులు పిలుచు చట్టము అదియే. అయినను గనుల లీజులు గిరిజనేతరుల చేతికి పోవుచునే యుండెను. అనంతగిరి మండలములో బొర్రా పరిసరముల గనులపై సమత అను సంస్థ న్యాయస్థానమునకు వెళ్లగా, 1997 జులై 11న సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతపు ప్రభుత్వ భూములను గూడ గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు గనులకై లీజునకు ఇయ్యరాదని తీర్పు చెప్పినది. తుపాకి లేకుండ, నాలుగు పాదములతో నడచిన వ్యవహారము అది. దేశములోని షెడ్యూల్డు ప్రాంతములన్నింటికిని అది ఆధారమైనది. అటుపిమ్మట ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ పేర బాక్సైటును త్రవ్వి ప్రైవేటు కర్మాగారములకు ఇచ్చు ఒప్పందములు వచ్చినవి. 2015 నవంబరులో 97వ నంబరు జీవోతో చింతపల్లి, జెర్రెల అడవులలో 1,200 హెక్టార్లకు పైగా త్రవ్వకములకు అనుమతి వచ్చినది. ఏజెన్సీ అంతయు లేచినది. ఆ అనుమతి 2019లో రద్దయినది. దానిని రద్దు చేయించిన బలములో గ్రామసభల తీర్మానములు, పాదయాత్రలు, న్యాయపోరాటములు ఉన్నవన్న సంగతిని మైదానపు పత్రికలు కాల్పుల వార్తలకు ఇచ్చినంత స్థలమిచ్చి వ్రాయలేదు.

కాబట్టి వేదన సత్యము. అయినను ఆతతాయి న్యాయము ఇక్కడ అన్వయింపదు. శస్త్రము ఎత్తినవాడు ఎదుట నున్నప్పుడు విచారణకు వ్యవధి లేదు గనుక అక్కడ విచారణ విడువబడినది. వ్యవధి ఉన్నచోట ఆ మినహాయింపునకు పని లేదు. లివిటిపుట్టులో కొంతసేపు ప్రశ్నించుటకు వ్యవధి ఉన్నది. వ్యవధి ఉన్నదని వారే తమ చేతతో ఒప్పుకొన్నారు. మరియొక సంగతి. భగవద్గీత ప్రథమాధ్యాయములో అర్జునుడు కౌరవులను ఆతతాయులనియే పిలిచినాడు. అట్లు పిలుచుచునే, వారిని చంపిన యెడల తమకు పాపమే కలుగునని శంకించినాడు. ఆ శంకను తీర్చుటకు పదునెనిమిది అధ్యాయములు పట్టినవి. ఆతతాయి అను ముద్ర వేసిన మాత్రమున చేతికి అధికారము వచ్చుచుండినట్లైతే గీత పుట్టవలసిన అవసరమే లేదు.

ఇక కాల్చినవారెవరు? పోలీసులు ఆ దాడికి నాయకత్వము వహించినవారిలో అరుణ అను మారుపేరు గల స్త్రీని ముఖ్యురాలిగా ప్రకటించారు. ఆమె అసలు పేరు వెంకట రవి చైతన్య. విశాఖపట్నము అంచున నున్న పెందుర్తి మండలములోని కరకవానిపాలెము ఆమె స్వగ్రామము. అనగా ఆమె కొండబిడ్డ కాదు, ఉక్కునగరపు నీడలో పెరిగిన మైదానపు పిల్ల. ఆమె సోదరుడు గూడ దళములలో చేరి పోలీసు కాల్పులలో మరణించాడు. ఆమె భర్త చలపతి చిత్తూరు జిల్లావాడు, ఆంధ్ర ఒడిశా సరిహద్దు దళములలో పెద్ద నాయకుడు. చిరకాలము పోలీసుల వద్ద అతని ఇటీవలి రూపము లేదు. 2016లో ఒక ఎదురుకాల్పుల అనంతరము దొరకిన ల్యాప్‌టాప్‌లో దంపతులిద్దరు కలసి తీసికొన్న సెల్ఫీ బయటపడి అతని ముఖము లోకమునకు తెలిసినది. అజ్ఞాతవాసములో గూడ గృహస్థాశ్రమపు ఒక చిన్న ముచ్చట మనుష్యుని విడువదు కాబోలు.

ఆ 2016 సంవత్సరమే ఈ కథకు కీలకము. అక్టోబరు 24న సరిహద్దు ఆవల ఒడిశాలోని మల్కనగిరి జిల్లా రామగూడ అడవిలో గ్రేహౌండ్స్ బలగములు జరిపిన కాల్పులలో దాదాపు 30 మంది మావోయిస్టులు మరణించారు. బలగములలో ఒక జవాను మృతిచెందాడు. మరణించిన దళసభ్యులలో అనేకులు పేరు ఊరు మైదానమునకు తెలియని గిరిజన యువతీయువకులు. రెండేండ్ల తరువాత లివిటిపుట్టు సంభవించినది. 2004 సెప్టెంబరు 21న పీపుల్స్ వార్, ఎం.సి.సి. విలీనమై మావోయిస్టు పార్టీ ఏర్పడినది. ఏటేట ఆ దినము నుండి వారోత్సవములు జరుపుదురు. ఆ వారములోనే సెప్టెంబరు 23 వచ్చినది. విచారణ అను పేరు క్రింద ప్రతీకారము, ఉత్సవపు కానుక అను రెండు భావములు కలసియున్నవని అనుమానించుటకు ఇంతకంటె ఆధారము అక్కరలేదు. క్రోధలోభములు విడిచిన సభ ఎక్కడ, వారోత్సవములో కూర్చున్న సభ ఎక్కడ!

పుత్రశోకమో, సోదరశోకమో, సహచరుల మరణమో మనుష్యుని ఎక్కడికి తీసికొనిపోవునో వ్యాసభగవానుడు సౌప్తికపర్వములో చూపినాడు. అశ్వత్థామ పూర్వకథను అతడు దాచలేదు. పాలు ఎరుగని దరిద్రపు బాల్యము, తోటి పిల్లలు పిండినీళ్లు ఇచ్చి పాలని నమ్మింపగా త్రాగి గంతులు వేసిన పసివాడు, ఆ దృశ్యము చూచి కుమిలిన తండ్రి, ఆ తండ్రి శస్త్రసన్న్యాసము చేసి కూర్చుండగా తెగిన తల. ఇవన్నియు సత్యములు. ఆ రాత్రి కృపాచార్యుడు మేనల్లునికి హితము చెప్పినాడు: నేడు నిద్రించుము, ధృతరాష్ట్రుని, గాంధారిని, విదురుని అడిగి వారు చెప్పినట్లు చేయుదము. అనగా సభను ఆశ్రయింపుమని. అశ్వత్థామ ఇచ్చిన సమాధానము నేటికిని ప్రతి సాయుధుని నోట వినబడుచునే యున్నది: ధర్మసేతువును వారే ముందుగా నూరు ముక్కలు చేసినారు, ఇక నన్నేల ఆపెదవు? అతని హేతువు బలమైనది. వ్యాసుడు ఆ హేతువును కాదనలేదు. శిబిరములో నిద్రించుచున్న ఉపపాండవుల కంఠములను మాత్రము దాని ప్రక్కన పెట్టి చూపినాడు.

మీమాంసకులు కర్మకు ముందుగా అధికారిని విచారింతురు. స్వర్గము కావలెనన్న కోరిక ఉన్న మాత్రమున ఎవ్వడును యాగమునకు అధికారి కాడు. కామనతో పాటు సామర్థ్యము, విద్య, అప్రతిషిద్ధత ఉండవలెను. దండనకు గూడ ఇట్లే. అన్యాయమునకు గురియైన వానికి వాది యగుటకు సంపూర్ణాధికారమున్నది, సాక్షి యగుటకున్నది. దండధారి యగుటకు మాత్రము ఆ వేదనయే అనర్హత, ఏలయన శత్రుమిత్రులయందు సమబుద్ధి వానికి అసాధ్యము. దాడి చేసినవారి నేపథ్యమును సానుభూతితో చదివినకొలది ఈ అనర్హత దృఢపడునే గాని సడలదు.

ఇట్లు చెప్పి ఊరకుండిన యెడల అర్ధసత్యము చెప్పినట్లగును. ఆ కొండలలో ఉత్తరము వినని తీర్పును మొదట చెప్పినది దళములు కావు. 1922లో గూడెము ప్రాంతములో నర్సీపట్నము నుండి లంబసింగికి రోడ్డు వేయించుచు తహసీల్దారు బాస్టియన్ గిరిజనులచేత వెట్టిచాకిరి చేయించెను. పోడు నిషేధము, వెట్టి కలసి అల్లూరి సీతారామరాజు నాయకత్వమున తిరుగుబాటైనవి. ఆగస్టు 22న చింతపల్లి, మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషనులపై దాడులు జరిగినవి. తీసికొన్న ఆయుధముల వివరమును స్టేషను పుస్తకములో వ్రాసి సంతకము చేసిన తిరుగుబాటుదారుడు ఆయన. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో పొంచియుండి, ముందు నడచిన దేశీయ సిపాయిలను పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇద్దరు ఆంగ్లేయాధికారులను మాత్రము కాల్చినారు. తొంబదియారు సంవత్సరముల తరువాత దాదాపు అదే తిథిసంధిలో అంగరక్షకులను విడిచి నాయకులను చంపిన దళము ఈ పోలికను ఎరుగకపోలేదు. అయినను పోలిక అక్కడికే. దామనపల్లిలో చంపబడినవారు ఆయుధములు ధరించి తమపై దండెత్తి వచ్చినవారు, లివిటిపుట్టులో చంపబడినవారు నిరాయుధులు.

1924 మే 7న సీతారామరాజు మంప వద్ద పట్టుబడినాడు. కొయ్యూరుకు తీసికొనిపోయి, మేజర్ గుడాల్ సమక్షములో చెట్టునకు కట్టి కాల్చినారు. తప్పించుకొన ప్రయత్నించుటచేత కాల్చితిమని ప్రభుత్వము వ్రాసికొన్నది. ఇరువది ఆరేండ్ల ఆ యువకుని ఉత్తరము ఏ న్యాయస్థానమునందును లిఖింపబడలేదు. న్యాయాధికారము చేతిలో నున్నవాడే దానిని చెట్టునకు కట్టివేసిన రోజున ఆ కొండలు నేర్చుకొన్న పాఠమును అటుపై వచ్చిన ఏ పక్షమును మరువలేదు.

లివిటిపుట్టు వార్త తెలిసిన ఆ సాయంకాలము మరియొక సభ కూడినది. నాయకులను రక్షింపలేదను ఆగ్రహముతో అనుచరులు అరకు, డుంబ్రిగుడ పోలీసు స్టేషనులపై పడి నిప్పు పెట్టారు. అగ్నిదుడు ఆతతాయులలో మొదటివాడని వేరుగ చెప్పనక్కరలేదు. నవంబరులో కిడారి కుమారుడు శ్రావణ్‌కుమార్‌ను మంత్రివర్గములోనికి తీసికొన్నారు. ఆరు నెలలలో చట్టసభకు ఎన్నిక కావలెనన్న రాజ్యాంగ నియమము నెరవేరక 2019 మేలో ఆయన రాజీనామా చేశారు. తండ్రి స్థానమునకు ఆయన పోటీ చేయగా ఓటర్లు మరియొకరిని ఎన్నుకొన్నారు. వోటు అను ఆ వ్యవహారములో వాది ప్రతివాదులు ఇరువురును మాటాడిరి, ఓడినవాడు ప్రాణములతో ఇంటికి పోయినాడు.

కేసు జాతీయ దర్యాప్తు సంస్థ చేతికి పోయినది. అభియోగపత్రములో దళనాయకులతో పాటు, వారికి సమాచారము, ఆహారము సమకూర్చిరన్న ఆరోపణపై కొందరు స్థానికుల పేర్లు చేరినవి. 2025 జనవరిలో చలపతి ఛత్తీస్‌గఢ్‌లోని గరియాబంద్ అడవులలో బలగముల కాల్పులలో మరణించాడు. అదే ఏడు జూన్ 18న రంపచోడవరము ప్రాంతపు అడవులలో అరుణ, మరి ఇద్దరితో పాటు, ఎదురుకాల్పులలో మరణించినదని పోలీసులు ప్రకటించారు. ఆ అడవి అప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన ఆ జిల్లాలోనే డుంబ్రిగుడ గూడ ఉన్నది, కొయ్యూరు గూడ ఉన్నది. లివిటిపుట్టు అభియోగమునకు ఆమె ఇయ్యవలసిన ఉత్తరము ఏ న్యాయస్థానములోను వ్రాయబడకయే మిగిలిపోయినది.